కొంగు లాగే బిడ్డ

(మా డ్రాయింగు మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ఆయన బతికున్నన్నాళ్లూ మేమెవరమూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. ఇవాళ కొత్తగా ఆ అలవాటు చేసుకోను. మా హైస్కూల్లో ఆయనకి వారానికి రెండు పీరియడ్లు. అందులో ఒకటి సిలబస్ కాలేదని లెక్కల మాస్టారు పట్టుకుపోయేవారు. మిగిలిన ఆ ఒక్క పీరియడ్లో ఆయన మాకు నేర్పింది ఏమిటని ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఒకే ఒక్క మాట కనబడుతుంది. "మొహం చూడకండ్రా. మొహం ఎలాగూ కనబడుతుంది. చేతులు చూడండి" అనేవారు.

మా వీధి చివర ఒక కాథలిక్కుల ఇల్లుండేది. వాళ్ల ముందుగదిలో నిత్య సహాయ మాత పటం. ఈ సభలో చాలామంది ఆ పటం చూసే ఉంటారు. బంగారు రంగు నేల, ముదురు నీలం ముసుగులో మరియమ్మ, చేతుల్లో బాలయేసు, పైన రెండు పక్కలా ఇద్దరు దేవదూతలు. ఒకసారి చందా కోసం మాస్టారితో వాళ్లింటికి వెళ్లాను. ఆయన నన్ను ఆ పటం ముందు నిలబెట్టి, "పిల్లాడి చెప్పు ఏమైంది?" అన్నారు. చూస్తే ఒక కాలి చెప్పు ఊడి, పట్టీకి వేలాడుతోంది. "చేతులో?" రెండు చేతులతోనూ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఎటు చూస్తున్నాడు?" భుజం మీదుగా తల తిప్పి, దేవదూత తెస్తున్న శిలువ వంక. "జడుసుకుని పరిగెత్తుకొచ్చాడ్రా. అందుకే చెప్పు ఊడింది" అన్నారు మాస్టారు. ఆ ఇంటి పెద్దావిడ రోజూ ఆ పటం ముందు కొవ్వొత్తి వెలిగించే మనిషి. "మా ఫాదరు గారూ అదే చెప్పారండీ" అంది. చందా ఐదు రూపాయలనుకున్నది పది ఇచ్చింది.

అది 15వ శతాబ్దంలో క్రీట్ దీవి చిత్రకారుల పద్ధతిలో గీసిన పటం. తర్వాత రోమ్ చేరి, అక్కణ్ణుంచి అచ్చుల్లో ప్రపంచమంతా తిరిగి మా వీధి చివరికి వచ్చింది. నేను ఈరోజు మాట్లాడబోయేది అంతకంటే నూటయాభై, రెండొందల ఏళ్ల ముందు సంగతి. 13, 14 శతాబ్దాల ఇటలీ, అందులోనూ సియెనా, ఫ్లారెన్స్ అనే రెండు ఊళ్లు. వంశం మాత్రం అదే. యశోదాకృష్ణులతో పోల్చి చెప్పమని నిర్వాహకులు అడిగారు. క్షమించాలి, పోల్చను. పోల్చడం మొదలుపెడితే తెలిసిన బొమ్మ దగ్గరే ఆగిపోతాం, తెలియని బొమ్మ దాకా వెళ్లం.

సియెనా మ్యూజియంలో 'పెద్ద కళ్ల మాత' అని ఒక చెక్క పలక ఉంది. 13వ శతాబ్దం తొలినాళ్లది. బొమ్మ చెక్క మీద ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది, శిల్పానికీ చిత్రానికీ మధ్యరకం. తల్లి తిన్నగా మనకేసి చూస్తుంది. బిడ్డ కూడా తిన్నగా మనకేసే చూస్తాడు. ఒకరి ఊసు ఒకరికి పట్టినట్టే ఉండదు. ఆయన ఒళ్లో పసివాడు కాదు, గద్దె మీద రాజు. తల్లి ఆ గద్దె. 431లో ఎఫెసు మహాసభ మరియమ్మను దేవుణ్ణి కన్న తల్లి అని తీర్మానించిన తర్వాత, తూర్పు చర్చిల్లో స్థిరపడిన పద్ధతి ఇది. తల్లి తన కుడిచేత్తో బిడ్డ వైపు చూపిస్తూ ఉంటే ఆ పటాన్ని గ్రీకులు 'దారి చూపే తల్లి' అన్నారు. చెంపకు చెంప ఆనించుకుంటే దానికి ఇంకో పేరు. 1204లో శిలువ యుద్ధాలకని బయల్దేరిన సేనలు కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టాక, అలాంటి పటాలు ఇటలీకి ఇంకా ఎక్కువగా వచ్చాయి. ఇటలీ చిత్రకారులు వాటిని చూసి నేర్చుకున్నారు. ఆ నేర్చుకోవడంలో ఎక్కడ చెయ్యి జారిందో, ఎక్కడ కావాలని చెయ్యి జరిపారో అదే నాకు ఇష్టమైన విషయం.

1260 సెప్టెంబరు 4న మోంతాపెర్తి దగ్గర సియెనా సేన ఫ్లారెన్స్ సేనను చిత్తుగా ఓడించింది. యుద్ధానికి ముందు ఊరి తాళాలు తీసుకెళ్లి మరియమ్మ పీఠం మీద పెట్టారనీ, అప్పటినుంచీ సియెనా ఆవిడ ఊరేననీ సియెనావాళ్లు చెప్పుకుంటారు. ఆ యుద్ధంలో ఖైదీగా చిక్కాడని చెప్పే ఫ్లారెన్స్ చిత్రకారుడు కోప్పో ది మార్కోవాల్దో. ఖైదు కథ ఎలా ఉన్నా, మరుసటి ఏడే, 1261లో, సియెనాలోని సేర్వీ సన్యాసుల చర్చికి ఆయన ఒక పెద్ద మరియమ్మ పటం గీశాడు. అందులో తల్లి గంభీరంగానే ఉంటుంది. సింహాసనం ఉంది, దూతలు ఉన్నారు. బిడ్డ చేతిలో చుట్టిన పత్రం కూడా ఉంది. కానీ మాస్టారు చెప్పినట్టు చేతులు చూడండి. ఆవిడ కుడిచెయ్యి బిడ్డ పాదాన్ని పట్టుకుని ఉంటుంది. ఎత్తుకున్న పిల్లల పాదం ఊరికే అలా చేతిలోకి తీసుకుంటామే, అలాగ. దారి చూపించాల్సిన చెయ్యి అక్కడ పాదం దగ్గర ఆగిపోయింది.

ఆ పటం మొహాలు ఇప్పుడు మనకు కనబడుతున్నవి కోప్పో గీసినవి కావు. యాభై అరవై ఏళ్ల తర్వాత కొత్త పద్ధతి మొహాలు వచ్చాక, పాత మొహాల మీద ఇంకొకరు మళ్లీ గీశారు. ఎక్స్‌రే తీస్తే అడుగున కోప్పో గీసిన గట్టి గీతల మొహం కనబడింది. ఇప్పటి మ్యూజియంవాళ్లయితే దీన్ని పాడుచెయ్యడం అంటారు. అప్పటివాళ్లకి అది అమ్మవారికి కొత్త చీర కట్టడం లాంటిది. పూజలో ఉన్న పటం పాతబడకూడదు. మొహాలు మార్చారు గానీ ఆ చెయ్యిని, ఆ పాదాన్ని అలాగే వదిలేశారు.

ఇక చిత్రకళ పుస్తకాల్లో మొదటి పాఠంగా చెప్పే మూడు పటాలున్నాయి. ఫ్లారెన్స్‌లో ఉఫీజీ మ్యూజియంలో ఒకే గదిలో పెట్టారు. చిమాబుయేది ఒకటి, దుచ్చోది ఒకటి, జొట్టోది ఒకటి. మూడూ మనిషికి దాదాపు రెండింతలు, ఆపైన ఎత్తు. జొట్టో పటం మూడు మీటర్ల పైచిలుకు, దుచ్చోది నాలుగున్నర మీటర్లు. 16వ శతాబ్దంలో జోర్జో వసారి చిత్రకారుల జీవితాలు రాస్తూ ఒక కథ అల్లాడు. గ్రీకు పద్ధతి మొద్దుబారిపోయిందనీ, చిమాబుయే దాన్ని కదిలించాడనీ, జొట్టో వచ్చి ప్రాణం పోశాడనీ. ఈ మెట్ల కథ ఎంత బాగా పాతుకుపోయిందంటే, ఆ గదిలో గైడు మాటల్లోనూ అదే వినబడుతుంది. వసారికి సియెనా మీద చిన్నచూపు కూడా ఉంది. దుచ్చో గీసిన పటాన్ని చిమాబుయే ఖాతాలో రాసేశాడు. శతాబ్దాల పాటు అందరూ అదే నమ్మారు. చివరికి లెక్క తేల్చింది ఒక కాంట్రాక్టు కాయితం.

ఆ కాయితం 1285 ఏప్రిల్ 15 నాటిది. రాయించుకున్నది ఫ్లారెన్స్‌లో సాంతా మరియా నొవెల్లా చర్చికి అనుబంధంగా ఉన్న 'లావుదేసీ' అనే బృందం. సన్యాసులు కారు, ఊళ్లో పనీపాటా చేసుకునే జనం. సాయంత్రం పూట చర్చిలో చేరి లాటిన్‌లో కాక తమ సొంత భాషలో మరియమ్మ పాటలు పాడుకునేవాళ్లు. మన భజన మండలి అనుకోండి. సియెనా నుంచి వచ్చిన దుచ్చో అనే చిత్రకారుడికి వాళ్లు 150 లీరాలు ఇస్తామన్నారు. బంగారం, మేలి రకం నీలం ఖర్చు ఆయనదే. పని అయ్యాక వీళ్లకి నచ్చాలి. నచ్చకపోతే ఒక్క కాసు ఇవ్వక్కర్లేదు, పటం ఆయన దగ్గరే ఉంచుకోవాలి. నాలుగున్నర మీటర్ల పటం ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటాడో ఆయన తిప్పలు ఆయనవి. నచ్చింది. ఇప్పుడు ఆ పటాన్ని రుచెల్లాయి మదొన్నా అంటారు. మరియమ్మ ముసుగు అంచు బంగారు గీత ఒకటి తల మీద మొదలై, వంకరలు తిరుగుతూ మోకాళ్ల మీదుగా పాదాల దాకా దిగుతుంది. చీర జరీ అంచును కళ్లతో వెంబడించే అలవాటున్నవాళ్లు ఆ పటం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడిపోతారు.

మూడు పటాల్లో జొట్టోది చూస్తే తల్లికి బరువు తెలుస్తుంది. గుడ్డ కింద ఒళ్లు ఉందని, మోకాళ్లు ఉన్నాయని, ఆ ఒడి బిడ్డని మొయ్యగలదని నమ్మకం కలుగుతుంది. ఆ మాట నిజమే. కానీ ఒళ్లు నిజంగా గీయడమూ, తల్లీబిడ్డల మధ్య ఏదో జరుగుతున్నట్టు గీయడమూ ఒకటి కావు. జొట్టో పటంలో బిడ్డ ఇంకా ఆశీర్వదిస్తూనే ఉన్నాడు. నేను వెతికేది కొంగు లాగే బిడ్డని. వాడు ఈ గదిలో లేడు.

అది చెప్పే ముందు ఒక్కసారి వంటింట్లోకి వెళ్లొద్దాం. ఈ పటాల తయారీ నిజంగా వంటింటి పనే. పాప్లర్ చెక్క పలక. దాని మీద నారబట్ట అంటించి, సుద్దనీ జంతువుల చర్మం ఉడకబెట్టి తీసిన జిగురునీ కలిపి పూతలు పూతలుగా వేసి, గోరు జారేంత నున్నగా గీకాలి. బంగారం వచ్చేచోట మెత్తని ఎర్ర బంకమన్ను పూసి, దాని మీద తడి చేసి, నాణేలు సాగగొట్టి తీసిన రేకు పరచాలి. ఆరాక మెరుగుపెట్టడానికి నున్నటి రాయి గానీ కుక్క పన్ను గానీ. నీలం బదక్షాన్ కొండల్లోని రాజావర్తపు రాయిని నూరి తీసింది. సముద్రం దాటి వచ్చింది కాబట్టి ఇటలీవాళ్లు దానికి 'సముద్రం అవతలిది' అనే పేరు పెట్టుకున్నారు. రంగులన్నీ కలిపేది గుడ్డులోని పచ్చసొనతో. సుమారు 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు ఈ పనంతా ఒక పుస్తకంగా రాశాడు. అందులో నాకు బాగా ఇష్టమైన సలహా గుడ్ల గురించి. పడుచువాళ్ల మొహాలకి పట్నంలో పెంచిన కోడి గుడ్డు వాడాలట, దాని సొన పాలిపోయి ఉంటుంది కాబట్టి. ముసలివాళ్లకి, ఎండకి నల్లబడ్డవాళ్లకి పల్లెటూరి కోడి గుడ్డు, దాని సొన ఎరుపెక్కువ. ఆ లెక్కన మరియమ్మ మొహం పట్నం కోడిది, పక్కన గడ్డం పెంచుకుని నిలబడ్డ పునీతుడిది నాటుకోడిది.

ఈ పటాలు మొదటిసారి చూసినవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న: "మరియమ్మ మొహం ఆకుపచ్చగా ఉందేమిటండీ, ఒంట్లో బాగాలేదా?" అని. చర్మం గీసేచోట ముందు ఆకుపచ్చ మట్టి రంగు వేసేవాళ్లు. దాని మీద సన్నని గీతలుగా గులాబీ, తెలుపు. ఎరుపు పక్కన ఆకుపచ్చ ఉంటే నీడ సహజంగా వస్తుందని ఎత్తుగడ. ఏడొందల ఏళ్లలో తుడిచి తుడిచి పై గులాబీ అరిగిపోయింది. మిగిలింది అడుగు పచ్చ. జబ్బు మరియమ్మకు కాదు, మన తుడుపుగుడ్డకి.

ఇప్పుడు కొంగు.

న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో దుచ్చో గీసిన ఒక చిన్న పలక ఉంది. చట్రంతో కలిపి 28 సెంటీమీటర్ల ఎత్తు, 21 సెంటీమీటర్ల వెడల్పు. మన నోటుపుస్తకం అంత. 1290, 1300 మధ్య గీసి ఉంటాడని లెక్క. 2004లో మ్యూజియం దాన్ని కొన్నప్పుడు 45 మిలియన్ డాలర్ల పైమాటే అని పత్రికలు రాశాయి. అంత చిన్న పలకకి అంత డబ్బా అని అప్పుడు గొడవ కూడా జరిగింది. ధర మాట వదిలేద్దాం. తల్లి ఎడమచేతి మీద బిడ్డ. వాడు ఒక కాలు ఆమె చేతికి తన్నిపెట్టి, పైకి సాగి, చెయ్యి చాచి ఆమె ముసుగు అంచుని పక్కకి నెడుతున్నాడు. మొహం కనబడాలని. ఆశీర్వదించడం లేదు, చేతిలో పత్రం లేదు. తల్లి వాడి వంక చూడదు. ఆ చూపు వాణ్ణి దాటి ఎక్కడికో, ఇప్పుడు కాని ఒక సమయంలోకి పోతుంది. కింద ఒక పిట్టగోడ గీశాడు. అది మన వైపున్న గోడ. మనం గోడ ఇవతల, వాళ్లిద్దరూ గోడ అవతల. దుచ్చో అంతకు ముందు కూడా, క్రేవొలె మాత అని పిలిచే పటంలో, బిడ్డ చెయ్యిని ముసుగు దాకా పంపించాడు. ఇక్కడ మాత్రం ఆ చెయ్యికి పని దొరికింది.

ముసుగు లాగడం పసివాడి అల్లరి అని ఊరుకోవచ్చు. కానీ అప్పటి సియెనా, ఫ్లారెన్స్ జనానికి ఆ గుడ్డకి ఒక కథ ఉంది. 1223లో ఫ్రాన్సిస్ అనే సన్యాసి గ్రెచ్చో అనే పల్లెలో క్రిస్మస్ రాత్రి గడ్డీ, ఎద్దూ, గాడిదా పెట్టి పశువుల తొట్టి ఏర్పాటు చేసి చూపించాడు. అప్పటినుంచీ ఆయన శిష్యులు ఊరూరా చెప్పింది ఒకటే: దేవుణ్ణి పసివాడిగా కళ్లముందు ఊహించుకోండి, చలికి వణికాడేమో, పాలకి ఏడ్చాడేమో అని. ఆ ప్రచారంలోంచే క్రీస్తు జీవితాన్ని ధ్యానించడం ఎలాగో చెప్పే ఒక పుస్తకం సియెనా, ఫ్లారెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతంలోనే పుట్టింది. ఒక సన్యాసిని కోసం రాసింది. అందులో మరియమ్మ పుట్టిన బిడ్డకి చుట్టడానికి గుడ్డ లేక తన తలమీది ముసుగు తీసి చుడుతుంది. ముప్పై మూడేళ్ల తర్వాత శిలువ దగ్గర, బట్టలు ఊడదీసి నిలబెట్టిన కొడుకు నడుముకి మళ్లీ తన తలమీది ముసుగే తీసి చుడుతుంది. పురుటికీ చావుకీ ఒకటే గుడ్డ. ఆ గుడ్డనే పసివాడు నవ్వులాటకి లాగుతున్నాడు. తల్లి చూపు ఎక్కడికి పోతోందో ఇప్పుడు తెలుస్తుంది. తెలుగులో ఆ గుడ్డకి ముసుగు అనే మాటకంటే కొంగు అనే మాటే నాకు సరిపోయినట్టనిపిస్తుంది. ఏడుపు తుడిచేదీ, వేడి గిన్నె దింపేదీ, చివరికి నోటికి అడ్డం పెట్టుకునేదీ అదే కదా.

ఆ పలక కింది చట్రం మీద నల్లగా కాలిన మచ్చలున్నాయి. కొవ్వొత్తి దగ్గరగా పెట్టినప్పుడు పడ్డవి. మ్యూజియం వాటిని తుడవలేదు, మంచి పని చేసింది. ఎవరో ఒకరు, ఏ రాత్రో, దీపం ఆ గోడకి ఇంకాస్త దగ్గరగా జరిపారు. వాళ్ల పేరు మనకు దొరకదు. వాళ్ల చెయ్యి ఎంత దూరంలో ఉందో మాత్రం ఆ మచ్చలు చెబుతాయి, ఒక జానెడు కూడా కాదు.

ఇంత దగ్గరగా పెట్టుకున్న ఇళ్లలో అసలు తల్లీబిడ్డల సంగతేమిటి? ఇక్కడే మాస్టారికీ నాకూ పేచీ ఉండేది. ఇలాంటి పటాలు ఆ కాలపు ఇంటి జీవితానికి అద్దం అనేవారాయన. నాకలా అనిపించదు. ఫ్లారెన్స్ వర్తకులు ఇంటి సంగతులూ పద్దులూ ఒకే పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ బోలెడు ఉన్నాయి. వాటిలో పిల్ల పుట్టిందన్న వాక్యం వెంటనే వచ్చేది దాది సంగతి. కలిగిన ఇళ్లలో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పల్లెలో ఉన్న పాలదాదికి అప్పగించేవారు. బేరం తండ్రికీ, దాది మొగుడికీ మధ్య. నెలకి ఇంత, బిడ్డతో పాటు పంపిన గుడ్డలు ఇన్ని, అని లెక్క. పాలు మానేదాకా ఏడాదిన్నర, రెండేళ్లు బిడ్డ అక్కడే.

ఇదే కాలంలో ఇదే టస్కనీలో పాలిచ్చే మరియమ్మ పటాలు పెరిగాయి. అందులో అన్నిటికంటే గొప్పది సియెనాలో అంబ్రోజో లోరెంజెత్తి 1325 ప్రాంతంలో గీసింది. తల్లి పలక మధ్యలో నిలబడలేదు, కాస్త పక్కకి ఒరిగింది. పిల్లాణ్ణి పట్టుకోవాలంటే ఒరగాల్సిందే. వాడు చిన్నవాడేం కాదు, బరువైన పిల్లాడు. రెండు చేతులతో తల్లి రొమ్ము పట్టుకుని, పాలు తాగుతూనే కళ్లు మన వైపు తిప్పాడు. పాలు తాగే పిల్లాడి పక్కన ఎవరైనా నిలబడితే అలాగే చూస్తాడు, నోరు వదలకుండా. తల్లి తల వంచి వాణ్ణి చూసుకుంటోంది. దుచ్చో తల్లి ఎటో చూస్తుంది, అంబ్రోజో తల్లికి మాత్రం చూపు తిప్పుకునే తీరిక లేదు.

పటంలో పిల్లాడు తల్లి కొంగు లాగుతున్నాడు. పటం కొన్న ఇంటి పిల్లాడు పదిమైళ్ల అవతల వేరే ఆవిడ కొంగు లాగుతున్నాడు. రెండేళ్లకి ఇంటికొచ్చి, తల్లిని చూసి ఏడ్చేవాడేమో. నా మాట ఏమిటంటే, ఈ పటాలు ఆ ఇళ్లలో ఉన్నదాన్ని చూపించలేదు, లేనిదాన్ని చూపించాయి. అందుకే అంత దగ్గరగా దీపం జరిపారు. మాస్టారు దీనికి ఒప్పుకోలేదు. "ఉన్నదీ లేనిదీ కాదురా, చిత్రకారుడు దాది ఒళ్లో పిల్లాణ్ణి చూసి గీసుంటాడు" అన్నారు. చిత్రకారులేమీ కోటీశ్వరులు కారు, వాళ్ల ఇళ్లలో తల్లులే పాలిచ్చి ఉంటారు. అది ఆలోచించాల్సిన మాటే.

అప్పటివాళ్లే ఈ విషయం మీద రాసిన మాట ఒకటుంది. జొవన్నీ దొమినీచి అనే ఫ్లారెన్స్ సన్యాసి 15వ శతాబ్దం మొదట్లో ఒక గృహిణికి ఇల్లు నడుపుకోవడం గురించి పుస్తకం రాసిచ్చాడు. ఇంట్లో పిల్లల కళ్లకి ఆనేలా బాలయేసు పటాలు పెట్టమన్నాడు. పాలు తాగే యేసు, తల్లి ఒళ్లో నిద్రపోయే యేసు, చేతిలో పిట్టో దానిమ్మపండో పట్టుకున్న యేసు. పొత్తిళ్లలో పిల్లాడు కూడా తనలాంటి వాణ్ణి చూసి సంబరపడతాడని. పటాలకి మరీ బంగారం పూయకండి, పిల్లలు దేవుడికి కాక బంగారానికి దణ్ణం పెడతారు అని కూడా హెచ్చరించాడు. ఈ పెద్దమనిషి చాదస్తుడే గానీ పిల్లల్ని దగ్గర్నుంచి చూసినవాడు.

ఆయన చెప్పిన ఆ పిట్ట సాధారణంగా గోల్డ్‌ఫించ్. అప్పట్లో ఇటలీ పిల్లలు కాలికి దారం కట్టి ఆడుకున్న పిట్టే. దాని మొహం మీద ఎర్రటి మచ్చ ఉంటుంది. క్రీస్తు నుదుటి ముళ్లకిరీటంలోంచి ఒక ముల్లు ముక్కుతో పీకబోతే రక్తం చింది ఆ మచ్చ పడిందని కథ. ఇరవయ్యో శతాబ్దంలో ఒక పక్షిశాస్త్రవేత్త ఓపిగ్గా లెక్కపెడితే నాలుగొందలకు పైగా పటాల్లో ఈ పిట్ట దొరికింది. ఆటబొమ్మలోనే ముల్లు దాచడం ఈ చిత్రకారులకి అలవాటు.

పిట్ట కంటే నాకు దగ్గరగా అనిపించేది పగడం. 14వ శతాబ్దం నాటి చాలా పటాల్లో బాలయేసు మెడలో ఎర్రపగడపు కొమ్మ వేలాడుతుంది. తర్వాతి శతాబ్దంలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా సెనిగల్లియా మాత అనే పటంలో దాన్ని మరీ స్పష్టంగా గీశాడు. రక్తానికి గుర్తు అని పండితులు అంటారు. అవును గానీ, అంతకంటే ముందు అది దిష్టికి. ఇటలీ తల్లులు పిల్లల మెడలో పగడం కట్టేవారు, దిష్టి తగలకుండా, పళ్లు వచ్చేటప్పుడు బాధ లేకుండా. లోకాన్ని కాపాడేవాడికి కూడా ఎవరి కన్నూ తగలకూడదని వాళ్లమ్మ ఒక పగడం కట్టింది. ఇది మతశాస్త్రంలో దొరకదు, చిత్రకారుడి ఇంట్లో దొరుకుతుంది.

ఎర్రపగడం ముఖ్యంగా దొరికేది మధ్యధరా సముద్రంలో. రోమన్ల కాలంలోనే ప్లినీ రాశాడు, మనకు ముత్యాలు ఎంతో భారతీయులకు పగడాలు అంత అని. మన మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన శాసనంలో ఏ సరుకుకి ఎంత సుంకమో జాబితా ఉంది. గంధం, కర్పూరం, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టుదారం, వాటి మధ్య పగడాలు. కోప్పో ఇంకా ఆ పాదం గీయకముందు సంగతి. సియెనా పిల్లాడి మెడలో కొమ్మా, ఓరుగల్లు పిల్లదాని మెడలో పూసా ఒక్క సముద్రం అడుగునుంచి లేచినవి కావడానికి అడ్డేమీ లేదు. పోల్చనన్నాను, ఇది పోలిక కాదు, సరుకు రవాణా.

సియెనావాళ్ల పెద్ద పటం సంగతి చెప్పకుండా దిగిపోతే తప్పవుతుంది. 1308 అక్టోబరులో దుచ్చోతో కాంట్రాక్టు. ఈసారి సరుకంతా చర్చివాళ్లదే. ఆయన తన చేత్తో పనిచేసిన రోజుకి 16 సోల్దీలు, మధ్యలో ఇంకో పని ఒప్పుకోకూడదు. 1311 జూన్ 9న పటం సిద్ధమైతే, ఊరు ఊరంతా దుకాణాలు మూసేసి, బిషప్పు, అధికారులు, చేతుల్లో కొవ్వొత్తులతో, వెనక ఆడవాళ్లూ పిల్లలూ నడుస్తూ, గంటలు మోగుతుండగా చిత్రకారుడి ఇంటి నుంచి కేథడ్రల్ దాకా ఊరేగించారు. పటం అడుగున దుచ్చో మరియమ్మకి ఒక విన్నపం రాసుకున్నాడు. ఊరికి శాంతీ, నిన్నిలా గీసినందుకు నాకు ఆయుష్షూ ఇమ్మని. అలా ఊరేగించిన పటాన్ని 1771లో రంపంతో కోసి ముక్కలు చేశారు. కొన్ని ముక్కలు ఇప్పుడు దేశదేశాల మ్యూజియంలలో ఉన్నాయి. 1348లో ప్లేగు వచ్చింది. లోరెంజెత్తి అన్నదమ్ములిద్దరూ అందులోనే పోయారని అనుకుంటారు. ఆ తర్వాతి పటాల సంగతి వేరే కథ, వేరే సభ.

అన్నట్టు ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన పియెత్రో అసిసిలో, ఫ్రాన్సిస్ సమాధి ఉన్న చర్చి గోడ మీద ఒక తల్లీబిడ్డని గీశాడు. బిడ్డ తల్లితో ఏదో మాట్లాడుతున్నాడు. తల్లి మాట మధ్యలో బొటనవేలు వెనక్కి తిప్పి, పక్కన నిలబడ్డ ఫ్రాన్సిస్‌ని చూపిస్తోంది. "ఈయనే" అన్నట్టు. దారి చూపే చెయ్యి ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు వాడే ఆ బొటనవేలు దాకా వచ్చింది. ఆ బొమ్మ ఫొటో మాస్టారికి చూపించినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన బొటనవేలు అలాగే తిప్పి, వంటింట్లో ఉన్న అమ్మగారిని చూపించి, "కాఫీ తాగి వెళ్లు" అన్నారు.

నాలుగేళ్ల క్రితం సియెనా వెళ్లాను. పేరున్న పటాలన్నీ చూశాక, సాయంత్రం ఏదో చిన్న చర్చిలోకి దూరాను. లోపల చీకటి. పక్క గూట్లో ఒక పాత మరియమ్మ పటం ఉందని మాత్రం తెలుస్తోంది. గోడకి ఒక డబ్బా, దాంట్లో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది. వేశాను. తెల్లటి వెలుగు పడి బంగారమంతా ఒక్కసారి రేకుడబ్బా మూతలా మెరిసింది, మొహాలు పాలిపోయాయి. చేతులు చూద్దామని దగ్గరికి వెళ్లేలోపు టక్కుమని లైటు ఆరిపోయింది. అప్పుడు కింద ఎవరో వెలిగించి వెళ్లిన మూడు కొవ్వొత్తులు కనబడ్డాయి. కళ్లు సర్దుకున్నాక, నేలరంగులో ఉన్న బంగారం నెమ్మదిగా ఎర్రబడింది. మంట కదిలినప్పుడల్లా అది కూడా కదులుతోంది. బిడ్డ వేళ్లు ముసుగు అంచు దగ్గర ఉన్నాయి. లాగుతున్నాడో, పట్టుకుని ఊరుకున్నాడో తెలియడం లేదు. జేబులో ఇంకో నాణెం ఉంది. తీసి, కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.